నలభై ఒకటో ఫొటో

యుగంధర్‌కు పలాసలో స్టూడియో ఉందన్న మాటే గానీ, మనిషి అందులో ఉండడం తక్కువ. పెళ్ళిళ్ళ సీజను అయిపోతే చాలు, కెమెరా సంచి భుజాన వేసుకుని బండెక్కేవాడు. డొంకూరులో గంగమ్మ సంబరమన్నా, సంతబొమ్మాళి వైపు జముకుల కథ అన్నా, విశాఖలో ఏ ప్రదర్శన పెట్టినా అక్కడ వాలిపోవాల్సిందే. ముప్పై ఆరేళ్ళొచ్చినా ఆ తిరుగుడు తగ్గలేదు.

రెండేళ్ళుగా అతని మనసంతా ఉద్దానంలోని ఒక తప్పెటగుళ్ళ జట్టు మీదే ఉంది. రొమ్ముకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, పాడుతూ ఎగిరే పదిహేను మందికి గురువు పోలారావు. కొబ్బరి, జీడి తోటలు చేసుకునే రైతు. యుగంధర్‌ను "అల్లుడా" అని నోరారా పిలిచేవాడు. యుగంధర్ అతన్ని "మావా" అనేవాడు.

పోలారావు కిడ్నీలు పాడైపోయాయి. ఎనిమిది నెలలుగా వారానికి మూడు రోజులు పలాస ఆసుపత్రిలో డయాలసిస్. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఒక్క అతని తల్లి అప్పలమ్మకు తప్ప. పెద్దకొడుకును ఆ జబ్బే పొట్టన పెట్టుకున్నప్పుడు ఆవిడ నెల్లాళ్ళు మంచం దిగలేదు. అందుకే పోలారావు జీడి మిల్లులో పని దొరికిందని తల్లికి చెప్పి బయల్దేరేవాడు. మండుటెండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడు. భార్య రత్నాలమ్మ, జట్టువాళ్ళు, ఇరుగుపొరుగు, అందరూ ముసలమ్మ దగ్గర మిల్లు మాటే చెప్పేవారు.

ఒకరోజు యుగంధర్ ఆసుపత్రికి వెళ్ళాడు. పోలారావు కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఎడమ చేతి నుంచి రెండు ఎర్రటి గొట్టాలు మిషన్‌లోకి పోతున్నాయి. కుడిచేతి వేళ్ళు మాత్రం మంచం ఇనప కమ్మీ మీద మెల్లగా దరువేస్తున్నాయి. యుగంధర్ చెయ్యి దానంతటదే కెమెరా మీదికి పోయింది.

"వద్దల్లుడా. ఇది తియ్యకు" అన్నాడు పోలారావు, కళ్ళు తెరవకుండానే.

అప్పటికే క్లిక్‌మంది.

తర్వాత విశాఖలోని ఒక కళాసంస్థవాళ్ళు ఉత్తరాంధ్ర కళల మీద ప్రదర్శన తయారుచేసి ఊరూరా తిప్పుతామని, ఫొటోలు పంపమని అడిగారు. యుగంధర్ తప్పెటగుళ్ళవి నలభై ఏరి పంపాడు. పంపాక కాసేపు కుర్చీలో అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత నలభై ఒకటోది కూడా పంపాడు. అంత మంచి ఫొటో తన జన్మలో తియ్యలేదని అతనికి తెలుసు. దీన్ని తీసుకోరులే అనుకున్నాడు. తీసుకుంటే బాగుండునని కూడా అనుకున్నాడు.

టెక్కలిలో ఒక కల్యాణ మండపంలో ప్రదర్శన పెట్టారు. పదకొండింటికి ప్రారంభం. పోలారావు జట్టుతో ఆట కూడా ఏర్పాటయింది. యుగంధర్ తొమ్మిదిన్నరకే వచ్చి, వెనక గేటు దగ్గర బండి ఆపి, వంటశాల పక్క నుంచి హాల్లోకి వెళ్ళాడు.

ఎదురుగోడ మీద, మనిషంత ఎత్తున, మంచం మీద పోలారావు ఉన్నాడు. కింద పేరు, ఊరు, జబ్బు, అన్నీ రాసి ఉన్నాయి. జట్టు ఎగురుతున్న ఫొటోలు నాలుగు మాత్రం ఓ మూల తలుపు వెనక ఉన్నాయి.

యుగంధర్ పరుగున పోయి నిర్వాహకుడు అవినాష్‌ను పట్టుకున్నాడు.

"ఆ ఫొటో తీసేయండి సార్. వాళ్ళమ్మకి ఈ సంగతి తెలీదు. తెలిస్తే బతకదు."

"మీరే కదండీ పంపారు?" అవినాష్ ఆశ్చర్యపోయాడు. "ఈ ప్రదర్శనకి ప్రాణమే అది. ఇంకో గంటలో అతిథులొస్తున్నారు, ఇప్పుడెలా తీస్తాం?"

"తప్పు నాదే. దండం పెడతాను."

"పెద్దావిడ కదా, హాల్లోకి రాకుండా చూసుకోండి" అని అవినాష్ మైకు దగ్గరికి వెళ్ళిపోయాడు.

యుగంధర్ పోలారావుకు ఫోన్ చేశాడు. టాటా మ్యాజిక్ బండి మోతలో, తప్పెటల మోతలో, పోలారావు గొంతు హుషారుగా వినిపించింది.

"వచ్చేత్తన్నాం అల్లుడా! కాశీబుగ్గ దాటేసి సానా సేపయింది. మా అమ్మ కూడా బయల్దేరింది, కొత్త కోక కట్టుకుని!"

"మావా, మామ్మని తేవొద్దు! బండి ఆపించు!"

"ఏటీ? ఏటంటన్నావు? ఇనబడ్డం నేదు..."

లైను తెగిపోయింది. మళ్ళీ చేశాడు. ఆరుసార్లు చేశాడు. ఎత్తలేదు.

సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి కుర్చీ ఎక్కాడు. రెండు స్క్రూలు ఊడొచ్చాయి, మూడోది బిగుసుకుపోయింది. అవినాష్ కేకలేసుకుంటూ వచ్చాడు, వాచ్‌మన్ కాలు పట్టి లాగాడు. యుగంధర్ ఫ్రేము వదల్లేదు. దాంతో సహా కిందపడ్డాడు. అద్దం పగిలి అరచెయ్యి కోసుకుపోయింది. నెత్తురు కారుతున్న చేత్తోనే ఫొటోను నిలువునా చింపి, ముక్కలు ముక్కలు చేశాడు. "మీకు మతి పోయిందా!" అని అవినాష్ అరుస్తూనే ఉన్నాడు. యుగంధర్‌కు అదేమీ పట్టలేదు. అమ్మయ్య, అనుకున్నాడు. పోలారావు వాళ్ళకు ఎదురెళ్దామని ముందు తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

ముందు గేటు దగ్గర మ్యాజిక్ బండి ఆగి ఉంది. జట్టంతా తప్పెటలు కట్టుకుని దిగింది గానీ, ఎవరి చెయ్యీ తప్పెట మీద పడడం లేదు. అందరూ తలలెత్తి చూస్తున్నారు. గేటు పైన, ఈ కొస నుంచి ఆ కొసకి, ఫ్లెక్సీ కట్టి ఉంది. అదే ఫొటో.

దాని కింద అప్పలమ్మ నిలబడి ఉంది.

"పోలా, ఇదేట్రా, జీడి మిల్లా?"

పోలారావు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. ముసలమ్మ కొడుకు ఎడమ చెయ్యి పట్టుకుంది. చొక్కా గుండీ తానే విప్పి, చెయ్యి పైకి మడిచింది. సూది మచ్చల మధ్య ఉబ్బిన నరం మీద అరచెయ్యి వేసింది. లోపల నెత్తురు జుమ్మని కొట్టుకోవడం చేతికి తగిలి ఉలిక్కిపడింది.

"పెద్దోడికీ ఇలాగే కొట్టుకునేది" అంటూ ఉన్నచోటే, మట్టిలో కూలబడింది. రత్నాలమ్మ వెళ్ళి పట్టుకుంది.

పోలారావు అప్పుడు యుగంధర్ కేసి చూశాడు. కారుతున్న నెత్తురూ చూశాడు.

"వద్దన్నాను గదా" అన్నాడు. అంతే. ఆ రోజు ఆట జరగలేదు. వచ్చిన బండిలోనే వెళ్ళిపోయారు.

మూడు వారాల తర్వాత, ఎగిరే ఫొటోలు నలభై కవర్లో పెట్టుకుని యుగంధర్ ఆసుపత్రికి వెళ్ళాడు. వార్డు బయట రత్నాలమ్మ, అప్పలమ్మ కూర్చుని ఉన్నారు. ముసలమ్మ సగమైపోయింది. కొడుకు వెంట ప్రతిసారీ వస్తోందట. ఇంట్లో ఉండమంటే ఉండదట.

కవరు ఇవ్వబోతే రత్నాలమ్మ చెయ్యి చాపలేదు.

"ఉంచుకో బాబూ. గోడకి ఫొటో ఏలాడదీసే రోజు మాకు ఎంతో దూరం నేదు. అప్పుడడుగుతాం."

యుగంధర్ వెనక్కి తిరిగాడు. అప్పలమ్మ అతని చెయ్యి అందుకుంది. పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఊరూ వాడా ఒక్కటై నాకు అబద్ధం సెప్పినారు. నువ్వొక్కడివే నిజం సూపించినావు నాయనా. ఇంకొక్కటి సెప్పు. మావోడు ఎన్నాల్లుంటాడు?"

కిందటి వారమే డాక్టర్‌తో మాట్లాడాడు యుగంధర్. గుండె కూడా దెబ్బతిందన్న సంగతి అతనికి తెలుసు.

"మావకేటీ కాదు మామ్మా. మళ్ళీ ఆడతాడు. సూత్తావు గదా" అన్నాడు.

అప్పలమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి వదిలేసింది.

"నువ్వు కూడానా" అంది.