అంగారకం మీద అత్త చెయ్యి

నేను ఎర్రటి నేల మీద నడుస్తున్నాను, అడుగు వేసినప్పుడల్లా కాలి కింది పొడి పైకి లేచి మెల్లగా, చాలా మెల్లగా కిందికి దిగుతోంది, ఇది అంగారక గ్రహమని నాకు తెలుసు, ఇటుకపొడి అని కూడా తెలుసు, రెండూ ఒకేసారి నిజం కావడం నాకేమీ వింతగా లేదు. దూరాన కొండల్లా కనిపిస్తున్నవి దగ్గరికి వెళ్లేసరికి సున్నం పూసిన గోనెసంచుల దిబ్బలవుతున్నాయి, వాటి అవతల ఆకాశం ఒక నల్లగుడ్డ, ఆ గుడ్డకి ఒకచోట చిరుగు, చిరుగులోంచి మద్రాసు ఎండ పడుతోంది. ఆ ఎండలో, ఎత్తుగా కట్టిన పలకల వంతెన మీద బోర్లా పడుకుని, మా మేనత్త సీతారత్నం కిందికి చూస్తోంది. ఆమె పోయి నాలుగేళ్లయింది.

"వచ్చావా అమ్మడూ," అంటుంది, పొద్దున చూసిన మనిషిని మధ్యాహ్నం పలకరించినట్టు. "ఆ పక్కకి నడవకే, అడుగులు పడతాయి. అక్కడింకా ఎవరూ దిగలేదు."

నేను నా అడుగుల్లోనే కాళ్లు పెట్టుకుంటూ వెనక్కి వస్తాను, నిచ్చెన ఎక్కిన గుర్తు లేదు కానీ వంతెన మీద ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను, ఆమె వేళ్ల నుంచి దారాలు కిందికి దిగి ఉన్నాయి, వాటి చివర కెప్టెన్ గగనరావు వేలాడుతున్నాడు. జానెడున్నర కొయ్యబొమ్మ, తలకి లాంతరు బుడ్డి కోసి చేసిన గాజు టోపీ, వెండికాగితం చొక్కా. వాడి మొహం మీద మీసం కొంచెం వంకర. ఆ వంకర నేను నిన్ననే చూశాను, పెద్ద తెర మీద.

'అంగారకంలో అయిదు రోజులు' అనే సినిమాని యాభై ఏళ్ల కిందట మద్రాసులో ఒక రేకుల షెడ్డులో, ఒక్క మనిషి కూడా కనపడకుండా మొత్తం బొమ్మలతోనే తీశారు. మాది కాకినాడ పక్కన తోలుబొమ్మలాడించే కుటుంబం. బొమ్మకి ప్రాణం పోసే చేతులు కావాలని ఆ సినిమావాళ్లు వెతుక్కుంటూ వస్తే, పాతికేళ్లయినా నిండని మా అత్త తోలుబొమ్మల కర్రలు పక్కన పెట్టి కొయ్యబొమ్మల దారాలు పట్టుకోవడానికి రైలెక్కింది. సినిమా నాలుగు ఊళ్లలో ఆడి మాయమైపోయింది. నిరుడు తునిలో ఒక పాత హాలు సామాన్ల గదిలో దాని ప్రింటు దొరికింది. ఇప్పుడు హైదరాబాదులో దాన్ని శుభ్రం చేస్తున్నారు, కథా కమామీషు తెలిసినవాళ్లు కావాలని నన్ను పిలిచారు. ఇదంతా నాకు కలలో కూడా గుర్తుంది. వీపు మీద ఎండ పడుతున్నట్టు గుర్తుంది.

"నలుపు తెలుపు సినిమాకి ఇంత ఎర్రమట్టి ఎందుకత్తా?" అని అడుగుతాను, అన్నిటికన్నా ముందు అదే నోటికొస్తుంది.

"కెమెరాకి తెలవకపోతే మాకు తెలవదేంటి? బూడిద పోద్దామన్నారు. బూడిదైతే వాడు నడవనంటాడు," అని గగనరావు వైపు గడ్డం చూపిస్తుంది. "అంగారకమని చెప్పి బూడిదలో దింపితే ఎవుడు నడుత్తాడే?"

బొమ్మ అవునన్నట్టు తల ఊపుతుంది. ఆమె వేలు కదిలిందో లేదో నేను చూడలేదు. ఇంతలో షెడ్డు గోడ లేదు, అక్కడ కాకినాడ ఆసుపత్రి వరండా ఉంది, ఇనప మంచాల వరస, అయినా వంతెన అలాగే ఉంది, మేమిద్దరం దాని మీదే ఉన్నాం. కింద ఒక మంచం ఖాళీగా ఉంది. అది ఎవరిదో నాకు తెలుసు కనుక అటు చూడను.

"అత్తా, నీకో మాట చెప్పాలి," అంటాను. "ఆ మంచం మీద ఉన్నప్పుడు, ఆ సినిమా ఒక్కసారి చూడాలని ఉందని, ఎక్కడైనా దొరుకుద్దేమో చూడమని అడిగావు. వారం పోయాక వచ్చి, అంతా వెతికాను, ఎక్కడా లేదని చెప్పాను. నేను వెతకలేదు. బడిలో పరీక్షలు, దిద్దాల్సిన పేపర్లు. ఒక్క ఫోను కూడా చెయ్యలేదు. తుని మనకెంత దూరం?"

ఆమె దారాలు సర్దుకుంటుంది. కోపం తెచ్చుకోదు, క్షమించినట్టు కూడా మొహం పెట్టదు. నేను చెప్పిన దాంట్లో ఆమెకి కావలసిన ముక్క వేరే ఏదో ఉన్నట్టుంది.

"దొరికిందా అయితే?"

"దొరికింది."

"చూసావా?"

"చూశాను."

"మరి కనిపిత్తందా?"

ఏది అని నేను అడగక్కర్లేదు. నాలుగో రీలులో, గగనరావు రాకెట్టు దిగి మొదటి అడుగు వేసే చోట, ఉన్నట్టుండి ముందుకు తూలి పడబోతాడు. అప్పుడు పైనుంచి ఒక చెయ్యి దిగుతుంది, నిజం చెయ్యి, గాజులేసుకున్న ఆడమనిషి చెయ్యి, బొమ్మకన్నా పెద్దది. వాణ్ణి నడుం దగ్గర పట్టుకుని నిలబెట్టి వెళ్లిపోతుంది. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుద్దని జీవితమంతా మొహం తిప్పుకున్న మా అత్తది ఈ భూమ్మీద మిగిలిన బొమ్మ అదొక్కటే.

"కనిపిస్తోంది," అంటాను.

"ఎంతసేపు?"

"రెండు సెకన్లు. మూడేమో."

ఆమె గాలి వదులుతుంది, ఎన్నాళ్ల నుంచో బిగబట్టుకున్నట్టు. "కత్తిరించేత్తానన్నాడు ఆ డైరెక్టరు. కత్తిరించాడో లేదో నాకెవరూ చెప్పలేదు. మన ఊళ్లో డేరాలో ఆడినప్పుడు ఊరంతా వెళ్లింది, నేను తలనొప్పని పడుకున్నాను. నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చి కథంతా చెప్పావు. దిగేటప్పుడు ఏమైందే అంటే, పడబోయి లేచాడన్నావు. ఎలా లేచాడే అంటే, తనే లేచాడన్నావు. నీకు కనపడలేదో, కనపడినా నా మొహం చూసి చెప్పలేదో నాకు తెలవలేదు. అందుకే చూడాలనుకున్నా, అంతేగానీ సినిమా మీద మోజుతో కాదు."

నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. గుర్తు చేసుకోవాలని చూస్తాను, డేరా, బెంచీలు, వెలుతురు పుంజంలో బీడీ పొగ, అన్నీ ఉన్నాయి, ఆ చెయ్యి మాత్రం లేదు. "నిజంగా కనపడలేదత్తా. గగనరావునే చూస్తున్నాను."

"అలాగే చూడాలి మరి," అంటుంది, తృప్తిగా. "మన ఆటలో తెర మీద నీడ ఆడాలిగానీ చెయ్యి కనపడకూడదు. మా నాయన ఈ వేళ్ల మీద కొట్టి నేర్పాడు."

"మరి ఆ రోజు ఎందుకు కనపడింది? నీ చెయ్యి ఎప్పుడూ తప్పలేదే?"

"దీపాల వేడికి దారం తెగింది. వాడి తల మీద గాజు, పడితే పగులుద్ది, రెండో బొమ్మ లేదు. నేను అనుకునేలోపే చెయ్యి దిగిపోయింది." ఆమె తన కుడిచెయ్యిని ఎవరిదో చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంది. "ఎలా ఉందే తెర మీద? మోటుగా ఉందా?"

"బాగుంది. ఆరు గాజులున్నాయి. ఏ రంగో తెలియడం లేదు."

"పచ్చవి."

ఇక చెప్పక తప్పదు, వంతెన కింద ఎర్రనేల ఎటువైపో కదిలిపోతోంది, మంచాలు దూరమవుతున్నాయి. "అత్తా, ఆ చెయ్యి పొరపాటున పడిందంటున్నారు హైదరాబాదులో సినిమా శుభ్రం చేసేవాళ్లు. ఎవరికీ తెలియకుండా చెరిపేయొచ్చట. సరేనన్నాను, నిన్న."

ఆమె బాధపడుతుందేమోనని ఎదురుచూస్తాను. ఆమె కనుబొమలు ముడివేసి ఆలోచిస్తుంది, బొమ్మ కాలి కీలు ఎందుకు పట్టేసిందో ఆలోచించే మనిషిలాగ.

"చెరిపేత్తే మరి వాడెలా లేత్తాడే?"

నేను కింద వేలాడుతున్న గగనరావు వైపు చూస్తాను.

"కాదే, నాకు తెలవక అడుగుతున్నా. ముందుకి పడిపోతా ఉన్నాడు. దారం లేదు. చెయ్యీ లేదు. మరెలా?" అంటూ చూపించడానికి వేలు వదులుతుంది, గగనరావు ముందుకు వాలుతాడు, ఎర్రపొడి మీదికి, మెల్లగా, చాలా మెల్లగా, నేను చెయ్యి చాపుతాను, నా చెయ్యి అందదు, ఇంకా చాపుతాను...

"మేడమ్. మేడమ్, టీ తెచ్చాను."

కళ్లు తెరిస్తే నస్రీన్. ఈ ప్రింటు మరకలు తుడిచే పని ఆ అమ్మాయిదే. గోడగడియారం మూడున్నర చూపిస్తోంది, అన్నం తిని ఆమె గది కుర్చీలోనే ఒరిగిపోయాను. నా కుడిచెయ్యి బల్ల అంచు మీంచి ముందుకు చాపి ఉంది, వేళ్లు తిమ్మిరెక్కాయి.

"నమూనాకి ఒకసారి చెరిపి చూశాను. ఇది చూసి మీరు సరేనంటే ఇదే ఖాయం చేసేస్తా," అని తెర నా వైపు తిప్పుతుంది.

గగనరావు రాకెట్టు దిగుతాడు. తూలుతాడు. గాలిలోనే ఆగి, వెనక్కి లేచి నిలబడతాడు. చెయ్యి లేదు. ఎంత బాగా తీసేసిందంటే, అక్కడ ఎప్పుడైనా ఏదైనా ఉండేదంటే ఎవరూ నమ్మరు.

"మళ్లీ ఒకసారి వెయ్యమ్మా," అంటాను.

ఈసారి నేను బొమ్మని చూడను, నేలని చూస్తాను. బూడిదరంగులో కనిపిస్తున్న ఆ ఇటుకపొడి మీద, గగనరావు పాదాల పక్కన, ఒక నీడ దిగుతుంది. అయిదు వేళ్లు, మణికట్టు దగ్గర సన్నటి చారలు. పట్టుకుంటుంది, నిలబెడుతుంది, పైకి వెళ్లిపోతుంది.

"అయ్యో, నీడ మర్చిపోయాను," అంటుంది నస్రీన్, తెర దగ్గరికి వంగి. "ఇదెంతసేపు మేడమ్, అయిదు నిమిషాల్లో తీసేస్తా."

"నీడ జోలికి వెళ్లకు," అంటాను. "ఆ చెయ్యి కూడా మళ్లీ పెట్టెయ్యి."

నస్రీన్ ఒక మీట నొక్కుతుంది, పచ్చగాజుల చెయ్యి నలుపు తెలుపుల్లో కిందికి దిగి, దాని నీడ మీద నిలుస్తుంది.