రెండిళ్ళ మధ్య నేల

బురుల్ తన తోడికోడలు అనార్‌కుల్ ఇంటికి రొట్టెలు పట్టుకెళ్ళాలంటే పొద్దున్నే లేచి ముందు గుర్రానికి మేత వేసేది. దారిలో తినడానికి కాసిని ఎండు పెరుగుండలు సంచిలో పోసుకునేది. వెళ్ళేది పక్కింటికే. ఒకప్పుడు పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు వెళ్ళి ఉప్పు అడిగి తెచ్చుకున్న ఇల్లే అది. ఇప్పుడు సగం దారిలో ఆగి గుర్రానికి నీళ్ళు పట్టాల్సి వస్తోంది.

నేల సాగింది, అంతే. కొక్‌జార్ లోయలో ఇద్దరు మాట్లాడుకోవడం మానేస్తే వాళ్ళ గుమ్మాల మధ్య నేల సాగుతుంది. దాన్నెవరూ వింతగా చెప్పుకోరు. కరెంటువాళ్ళు వచ్చి, తీగ చాలడం లేదని గొణుక్కుంటూ మధ్యలో ఇంకో స్తంభం పాతిపోయారు. ఫోను చేస్తే ఇక్కడ అడిగిన మాటకి అక్కడి జవాబు వచ్చేసరికి అడిగిందేమిటో మర్చిపోయేవాళ్ళు. ఉత్తరాలు పంచే ఆవిడ మాత్రం బురుల్ మొగుడు ఒరోజాలి మొహం మీదే అనేసింది, "మీరూ మీ తమ్ముడూ అలిగితే అలగండి గానీ, మధ్యలో నా మోకాళ్ళేం పాపం చేశాయి?" అని. కొత్తగా వచ్చిన నేల మీద గడ్డి ఏపుగా పెరిగింది కాబట్టి గొర్రెల కాపరులకు ఏ ఫిర్యాదూ లేదు. ఇంకో ఏడాది ఇలాగే బిగుసుకుని ఉండమని ఒరోజాలిని ఆటపట్టించేవారు కూడా.

ఒరోజాలి, అతని తమ్ముడు తుర్గున్, ఇద్దరూ వేటగాళ్ళు. చుట్టుపక్కల అలాంటి జోడీ లేదు. ఒరోజాలిది వెతికే కన్ను. తండ్రి ఇచ్చిపోయిన పాత దుర్భిణి పెట్టుకుని కూర్చున్నాడంటే, ఎదురు కొండ మీద రాళ్ళలో రాయిలా పడుకున్న కొండమేక కొమ్ము చివర కూడా అతన్ని తప్పించుకునేది కాదు. తుర్గున్‌ది దూరం కట్టే కన్ను. అన్న చూపించిన వైపు బోర్లా పడుకుని, గడ్డిపరక నములుతూ, ఒక కన్ను మూసి, "మూడొందల మీటర్లకి కాస్త పైన ఉందన్నా. వాలు కదా, కొంచెం కిందికి పెట్టు," అనేవాడు. అంతే ఉండేది. ఒకడు కనిపెట్టాలి, ఒకడు కొలవాలి. ఒక్కడే రెండూ చేస్తే గుండు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

వాళ్ళిద్దరి మధ్య వచ్చింది పొలం గొడవ కాదు, గొర్రెల గొడవ కాదు, ఒక మాంసం ముక్క. వేట కొట్టి దిగి వస్తున్నవాడికి ఎవరు ఎదురుపడి "షిరల్గా" అన్నా వాటా కోసి ఇవ్వాల్సిందే. అది తాతల నాటి ఆచారం. కాదనడానికి లేదు. ఓ ఏడు తుర్గున్ గడ్డికోతలో ఉండగా ఒరోజాలి ఒక్కడే వెళ్ళి అదృష్టం కొద్దీ పెద్ద కొండమేక పోతును కొట్టాడు. ఆ సాయంత్రం కూతురి అత్తవారు భోజనానికి వస్తున్నారు. మాంసం అంతా వాళ్ళ పళ్ళేలకే సరిపోతుంది. దిగే ముందు అలవాటుగా దుర్భిణి కంటికి పెట్టి దారి చూశాడు. కింద తుర్గున్ వస్తున్నాడు, వెంట కోతకి వచ్చిన మనుషులు ఓ గుంపు. ఎదురుపడితే తొడలూ జబ్బలూ దారిలోనే పోతాయి. ఒరోజాలి గుర్రాన్ని పక్క వాగులోకి మళ్ళించి, కొండ చుట్టూ తిరిగి ఇల్లు చేరాడు.

కానీ దుర్భిణి అద్దం ఎండకి తళుక్కుమన్నది తుర్గున్ చూడనే చూశాడు. అన్న తనను చూసి మరీ తప్పుకున్నాడని అతనికి తెలిసిపోయింది. అడిగి ఉంటే ఆ రోజే అయిపోయేది. అడిగినవాడికి పెట్టడం ఆచారమే గానీ, దాక్కున్నవాణ్ణి అడగడం ఎక్కడి ఆచారం? తుర్గున్ అడగలేదు. తప్పు తనదని తెలిసినవాడికి నోరు అసలే పెగలదు కాబట్టి ఒరోజాలీ చెప్పలేదు. మర్నాడు అనార్‌కుల్‌కి మీగడ ఇచ్చొచ్చిన బురుల్, చెప్పుల్లోంచి గులకరాయి దులుపుకుంటూ, "దారి పెరిగిందయ్యా," అని మాత్రం అంది.

అప్పటినుంచి ఒరోజాలి తుపాకీకి గురి కుదరడం లేదు. జంతువును కనిపెట్టడం వరకూ బాగానే ఉండేది. ఆ తర్వాత పక్కకి తిరిగి, ఎవరూ లేని గడ్డిని చూసి, తనే ఏదో లెక్క వేసుకుని పేల్చేవాడు. గాయపడ్డ మేకను వెతుక్కుంటూ ఒకసారి రెండు రోజులు తిరిగాడు. దొరకలేదు. ఆ సిగ్గుతో వారం పాటు ఎవరి మొహమూ చూడలేదు.

ఆ శరత్తులో హెల్మూట్ అనే ఆస్ట్రియా ముసలాయన వేటకి వచ్చాడు. దారి చూపించింది ఒరోజాలే. కోరుకున్న కొమ్ములు దొరికాయి. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక కొండలెక్కనని, పోతూ పోతూ తన సామాన్లలోంచి రెండు తీసి కంబళి మీద పెట్టాడు. ఒకటి దుర్భిణి, కొత్తది, అద్దంలో ఆకాశం పడితే ఆకాశమే ఇంకా శుభ్రంగా కనబడుతోంది. రెండోది అరచేతిలో పట్టే రేంజ్‌ఫైండర్. ఒంటికన్నుతో చూసి మీట నొక్కితే ఎదుటిది ఎంత దూరంలో ఉందో ఎర్ర అంకెల్లో చెప్పేస్తుంది. ఏదో ఒకటి ఉంచుకో, రెండోది నా మనవడికి, పొద్దున చెప్పు అన్నాడు.

ఒరోజాలి రెంటినీ ఇంటికి తెచ్చి భోజనాల దగ్గర భార్య ముందు పెట్టాడు. దుర్భిణి తీసుకోవడమే న్యాయం, కనబడనిదాన్ని ఏం కొలుస్తాం అన్నాడు. తండ్రి దుర్భిణికి ఒకవైపు పొగ పట్టేసిందన్నాడు. మళ్ళీ తనే, అయినా ఒక కన్ను పనిచేస్తోంది కదా, కనబడ్డదాన్ని కొలవలేకే కదా మేక గాయంతో పోయింది అన్నాడు. బురుల్ సూప్ వడ్డించి కూర్చుంది.

"ఆ కొలిచేది మనకెందుకు?" అంది. "నీ కొలిచేవాడు అక్కడున్నాడుగా."

"వాడిని బతిమాలుకోవాలా నేను?"

"బతిమాలొద్దు. దుర్భిణి పట్టుకుని వెళ్ళి కూర్చో. దూరం ఎంతో చెప్పరా అని అడుగు. అంతకంటే ఏం కావాలి మీ ఇద్దరికీ?" ఆమె రొట్టె తుంచి అతని ముందు పెట్టింది. "అతనికి దగ్గు తగ్గడం లేదు. మొన్న వెళ్ళినప్పుడు గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదట."

ఒరోజాలికి ఆ మాట గుండెలో దిగింది. దిగింది గనకే కోపం వచ్చింది. కొంతమంది అంతే, జాలి పుట్టిన చోటే బిగుసుకుపోతారు. పొద్దున్నే వెళ్ళి రేంజ్‌ఫైండర్ ఉంచుకుంటానని చెప్పాడు. దుర్భిణి ఆస్ట్రియా వెళ్ళిపోయింది.

నిజం చెప్పొద్దూ, ఆ కొలతపెట్టె గొప్పగా పనిచేసింది. గుండు తప్పడం లేదు. వేటకి వచ్చినవాళ్ళు భుజం తట్టి పోతున్నారు. రెండూ మోసుకు తిరగడం దండగని తండ్రి దుర్భిణిని ఇంట్లో మేకుకి తగిలించేశాడు. ఒకనాడు సాయంత్రం ఏమీ తోచక వాకిట్లో నిలబడి తుర్గున్ ఇంటి వైపు పెట్టి మీట నొక్కాడు. ఎర్ర అంకెలు వచ్చాయి. అంత ఉంటుందనుకోలేదు. మర్నాడు మళ్ళీ చూశాడు, ఇంకాస్త ఎక్కువ. ఆ తర్వాత అదే పని అయిపోయింది. వానలు పడ్డాయా అని చూసుకున్నట్టు సాయంత్రం కాగానే తమ్ముడెంత దూరం పోయాడో చూసుకునేవాడు. బురుల్ ఒకసారి అతని చేయి పట్టుకుని దించేసింది. కొలిస్తే ఏమవుతుందని అతను విసుక్కున్నాడు. ఆ తర్వాతి వేసవి ముగిసేసరికి అంకెలు రావడం మానేసి గీతలు మాత్రం వచ్చాయి. ఆ పెట్టె అందుకోగలిగిన దూరం దాటిపోయిందన్నమాట.

ఎలాగైనా ఆ శీతాకాలం వచ్చేలోపే వెళ్ళాలని అతనికీ ఉంది. మంచు పడ్డాక దారి మూసుకుపోతుందని తెలుసు, దగ్గు మనిషికి చలికాలం ఎలాంటిదో తెలుసు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. ఈసారి ఒక మంచి పోతును కొట్టి, కోయకుండా మొత్తం గుర్రం మీద వేసుకుని తమ్ముడి గుమ్మంలో దించుదామనుకున్నాడు. మాట అవసరం లేకుండా పోతుంది. అది మంచి ఆలోచనే. దాని కోసమే రోజూ కొండెక్కేవాడు.

తొలి మంచు దుమారం రేగబోయే రోజుల్లో, ఓ మధ్యాహ్నం అతను కనుమ మీద కూర్చుని ఉండగా ఎదురు గట్టు మీద ఒక గుర్రం ఆగింది. రౌతు దిగి గుర్రం పక్కన నిలబడ్డాడు. నల్లగుర్రం, ఆ లోయలో ఎవరిదో గుర్తు రాలేదు. ఒరోజాలి అలవాటుగా కొలతపెట్టె కంటికి పెట్టాడు. అందులో మనిషి గోరంత కనబడతాడు. ఆ గోరు మీదే ఎర్ర అంకెలు వచ్చి పడతాయి. పద్నాలుగు వందలు అంది పెట్టె.

మళ్ళీ నొక్కాడు. పదమూడు వందలు. మనిషి కదల్లేదు. గుర్రం కదల్లేదు. తను కూర్చున్న రాయి మీదే తనున్నాడు. మళ్ళీ నొక్కాడు. పదకొండు వందలు. ఆ అంకెల వెనకాల ఆ మనిషి చేయి పైకెత్తినట్టు, తలమీది టోపీ తీసినట్టు అనిపించింది గానీ ఒరోజాలి చూపంతా అంకెల మీదే ఉంది. నేల సాగడం ఎరుగుదురు గానీ ముడుచుకోవడం ఆ లోయలో ఎవరూ చూడలేదు. చలికి బ్యాటరీ పాడైనట్టుంది, పిచ్చి అంకెలు చూపిస్తోంది అనుకున్నాడు. గాలికి వీపు పెట్టి తిరిగి కూర్చుని, బ్యాటరీ ఊడదీసి, చొక్కాలో చేయి పెట్టి చంకలో వెచ్చబెట్టాడు. బాగా వేడెక్కే దాకా ఉంచాడు. మళ్ళీ బిగించి ఇటు తిరిగేసరికి గట్టు మీద ఎవరూ లేరు. నొక్కితే గీతలు వచ్చాయి.

ఆ రాత్రి మంచు పడింది. పొద్దున బురుల్ తలుపు తీసి చూస్తే తోడికోడలి ఇల్లు కనుచూపు మేరలో లేదు, చిమ్నీ పొగ కూడా లేదు. గుర్రం ఒక్క రోజులో వెళ్ళి రాలేదని, మంచు కరిగే దాకా ఇక కబుర్లు లేవని ఆమె ఆ చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని ఉన్ని వడికింది. ఒరోజాలి వసంతం కోసం చూశాడు.

చలి ముదిరి ఉన్న ఒక ఉదయం ఒరోజాలి నిద్రలేవగానే ఏడుపు వినబడింది. ఆడమనిషి గొంతు, పోయినవాణ్ణి పొగుడుతూ రాగం తీసి ఏడ్చే ఏడుపు. గోడ అవతల నుంచి వచ్చినంత దగ్గరగా ఉంది. అతను లేచి తలుపు తీశాడు. తుర్గున్ ఇల్లు పూర్వం ఉన్న చోటే, మంచు మీద ఎవరో తెచ్చి పెట్టినట్టు, వాకిలికి ఎదురుగా ఉంది. మధ్యలో పాతిన కరెంటు స్తంభం వంగి పక్కకి ఒరిగింది. తీగ ఎక్కువై నేల మీద చుట్టలు పడింది. ఎవరూ వచ్చి కబురు చెప్పక్కర్లేకపోయింది. బురుల్ తలగుడ్డ బిగించుకుని అతన్ని దాటుకుని వెళ్ళిపోయింది.

తోబుట్టువు పోయినప్పుడు మగవాడు గుర్రం మీద దూరం నుంచే "నా తమ్ముడా" అని గొంతెత్తుకుంటూ రావాలి. ఒరోజాలి గుర్రం ఎక్కాడు. నోరు తెరిచేసరికే గుమ్మంలో ఉన్నాడు.

ఖననం అయ్యాక, జనం పలచబడ్డాక, అనార్‌కుల్ అతనికి టీ పోసి ఎదురుగా కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఆమె నెమ్మదిగానే అడిగింది.

"బావగారూ, ఒక్కమాట. తొలిమంచు ముందు ఆయన మా పుట్టింటివాళ్ళ గుర్రం ఎక్కి వచ్చారు. లేవలేని మనిషి. మీరు కనుమ మీద ఉంటారని తెలిసి వచ్చారు. టోపీ తీసి ఊపారట. మీరు దుర్భిణి పెట్టి బాగా చూశారట, చాలాసేపు చూశారట. చూసి, వీపు తిప్పి కూర్చున్నారట. ఇంటికొచ్చి ఆ ఒక్కసారి చెప్పి, ఇక ఆ మాట ఎత్తలేదు. ఏం చూశారు బావగారూ ఆయన మొహంలో?"

ఒరోజాలి గిన్నె కింద పెట్టాడు. అది దుర్భిణి కాదని చెప్పాడు. అందులో మొహం కనబడదని, దూరం ఒక్కటే చెబుతుందని, చలికి చెడిపోయిందనుకుని బ్యాటరీ వెచ్చబెట్టుకున్నానని, గాలికి తట్టుకోలేక అటు తిరిగానని చెప్పాడు. చెబుతుంటే తన మాటలు తనకే అబద్ధాల్లా వినిపించాయి. ఆమె అతన్ని నమ్మింది. నమ్మకపోయినా బాగుండేది.

"చెడిపోయిందని ఎందుకనుకున్నారు?" అంది.

"మీ ఆయన కదలకుండా నిలబడ్డాడు. అంకెలు తగ్గిపోతున్నాయి."

అనార్‌కుల్ ముందుకు వంగింది. "తగ్గాయా," అంది. "బతికుండగానే తగ్గాయా?"

"బతికుండగానే."

ఆమె గోడవైపు తిరిగి, ఆపేసిన రాగాన్ని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఇందాకటి పాటలో వేటగాడున్నాడు, మంచి భర్త ఉన్నాడు. ఈసారి అన్న కోసం ఎదురు గట్టు మీద టోపీ తీసి నిలబడ్డ తమ్ముడు కూడా వచ్చాడు. వింటున్న ఆడవాళ్ళలో బురుల్ తల ఎత్తి భర్తను ఒక్కసారి చూసి దించేసుకుంది.

ఒరోజాలి బయటికి వచ్చాడు. పొద్దుటినుంచి పదిమందిలో బిగబట్టినదంతా ఒక్కసారిగా వచ్చింది. గుర్రం కళ్ళెం పట్టుకుని, ఎవరూ వినని దూరం దాకా నడుస్తూ ఏడుద్దామనుకుని తల వంచుకుని బయల్దేరాడు. తమ్ముడి పేరు పట్టుకుని పిలవడం మొదలుపెట్టాడు. నాలుగోసారి పిలిచేలోపే ఎదురుగా తన గుమ్మం వచ్చేసింది. ఒక్క క్షణం తలుపు ముందు నిలబడ్డాడు. గుర్రాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ తమ్ముడి ఇంటి దాకా నడిచాడు. అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి. ఆ నేల అతని ఏడుపుకి చాలడం లేదు.