ఇంకెవరికీ లేని పేరు

"గా చిన్న గిన్నె జర పైలంగ తోము బిడ్డా, సొట్ట పోతది," అంది మా అత్తమ్మ మాణిక్యమ్మ, సజ్జ మీది డబ్బాలోని గిన్నెలన్నీ నా ముందు గుమ్మరించి. నేను బాలింతను. రేపటికి ఇరవై ఒక్క రోజులు. రేపే మా బాబును తొట్టెలలో వేసి పేరు పెడతారు. బాలింతకు చన్నీళ్లు తగలకూడదని ఈ ఇంట్లో గట్టి పట్టింపు. గిన్నెలు తోమేటప్పుడు మాత్రం ఆ పట్టింపు ఎవరికీ గుర్తు రాదు. కుట్లు సలుపుతుంటే పెరట్లో పీట మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని తోముతున్నాను. అది ఉగ్గుగిన్నె, అరచేతిలో ఇమిడిపోయేంత స్టీలు గిన్నె. పీచుతో రుద్దితే పేరుకున్న నూనె జిడ్డు ఊడి, అంచు కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలాయి. స్టీలు సామాను కొన్నప్పుడు షాపులో మిషన్‌తో పేరు కొట్టిస్తారే, అట్లాంటివి. శ్రావిన్. పక్కన 2019 అని సంవత్సరం.

మా బాబుకు రేపు పెట్టబోయే పేరు శ్రావిన్. వాడు పుట్టి ఇరవై రోజులే అయింది.

నేను బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటర్‌లో దరఖాస్తులు టైపు చేస్తాను. ఎన్ని వందల పేర్లు కొట్టానో నాకే తెలియదు. ఈ మధ్య అందరిదీ ఒకటే సరదా, తల్లి పేరులో ముక్క, తండ్రి పేరులో ముక్క కలిపి ఎవరికీ లేని పేరు పెట్టడం. అట్లాంటి పేరు కనబడినప్పుడల్లా తల్లి ముక్క ఎక్కడుందా అని వెతకడం నాకు అలవాటు. ఉంటే ఆ తల్లి మీద కొంచెం అసూయగా కూడా ఉండేది. నాకు ఐదో నెలలో మా ఆయన వినీత్ ఫోను తెచ్చి ముఖం ముందు పెట్టాడు. పేర్ల సైటు. 'శ్రావిన్. మగపిల్లల పేరు. రెండు పేర్ల కలయిక. అర్థం: విన్నవారికి హాయినిచ్చేవాడు. ప్రాచుర్యం: చాలా అరుదు.'

"మన ఇబ్రహీంపట్నంలనే గాదు, జిల్లా మొత్తంల ఎవ్వనికి లేదు," అన్నాడు గొప్పగా.

"చివరిది నీ పేరుల ముక్క. ముందుది ఎవరిది?"

"ముందుది ఊకెనే, స్టైల్ కోసం."

"మరి నా పేరుల ముక్క ఏది?"

నవ్వాడు. "సునందల తీసేదానికి ఏమున్నది? బర్త్ సర్టిఫికెట్ల తల్లి పేరు అని వేరే ఉంటది గద. ఇంక నీకేం ఫికర్?"

ఆడపిల్ల పుడితే ఏం పేరని అడిగాను. పక్కన బియ్యం ఏరుతున్న అత్తమ్మ తల ఎత్తకుండానే, "కాదు. వాడే," అంది. ఆమెకు మనవడి మీద మోజు అనుకున్నాను. ఆ రోజు నుంచి నా కడుపు మీద చెయ్యి వేసి ఆ పేరుతోనే పిలిచేది. వాడు ఎడమ పక్కకే తిరిగి పడుకుంటాడని, చెంచా చప్పుడుకు ఉలిక్కిపడతాడని పుట్టకముందే చెప్పింది. పుట్టాక చూస్తే అచ్చం అట్లాగే ఉన్నాడు. మహేశ్వరం నుంచి మా బాపు వచ్చి తొలి కాన్పుకు తీసుకుపోతానంటే, "పంపియ్య. వాడు ఈ ఇంటికే రావాలె," అంది. ఆమె మాటల్లో పదే పదే 'మల్ల' అని వచ్చేది. మల్ల గట్లనే చూస్తుండు. మల్ల గదే పిడికిలి. కొడుకు చిన్నతనం తలచుకుంటోందని నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. ఒక్కటి మాత్రం నాకు నచ్చేది కాదు. నేను ఎంత లాలించినా ఊరుకోనివాడు, ఆమె "శ్రావిన్" అనగానే ఠక్కున ఏడుపు ఆపేవాడు. ఆపి ఆమె వైపు చూసేవాడు కాదు. మూలన గొలుసులకు వేలాడుతున్న ఖాళీ తొట్టెల వైపు చూసేవాడు.

మా వాడకట్టులో పసిపిల్లలకు నీళ్లు పోసేది ఉమ్మే కుల్సుమ్. కాళ్లు చాపుకుని, పిల్లవాణ్ణి కాళ్ల మీద బోర్లా వేసుకుని, నీళ్లు ముందు తన మోచేతి మీద పోసుకుని చూసి అప్పుడు వాడి మీద పోస్తుంది. ఇరవై రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా శ్రావిన్ అనలేదు, చిన్నోడా అనే పిలిచింది. ఆ ఉదయం వాణ్ణి తుడిచి నా ఒళ్లో పెట్టాక ఆమెకు గిన్నె చూపించాను. ఆమె ముందు ఇంట్లోకి తొంగి చూసింది. అత్తమ్మ వాకిట్లో షామియానా వేసేవాళ్లతో మాట్లాడుతోంది.

"గిది ఇంక పారెయ్యలేదా?" అంది కుల్సుమ్. తర్వాత గొంతు తగ్గించి, "శ్రావ్య కొడుకుది," అంది.

శ్రావ్య ఎవరని అడగబోయి ఆగిపోయాను. అర్థమైంది. వినీత్‌కు నాకంటే ముందు ఒక పెళ్లయిందని, పిల్లలు కాలేదని, విడిపోయి పెద్దమనుషుల ముందు ఇడుపుకాయితం రాసుకున్నారని మా సంబంధం అప్పుడే చెప్పారు. ఇంట్లో ఎప్పుడైనా ఆమె మాట వస్తే 'మునుపటామె' అనేవారు. రెండేళ్లలో నేను ఆమె పేరు అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. లేనిదానిలాగా ఉంటే నాకూ సుఖంగానే ఉండింది.

"వానికి గూడ నేనే నీళ్లు పోసిన," అంది కుల్సుమ్. "ఇరవై ఒక్క నాడు తొట్టెలేసిండ్రు. గా పొద్దే మీ అత్త గీ గిన్నెల ఆముదం కాచి పోసింది. మింగుతలేడని ముక్కు మూసి పోసింది. పిల్లగాడు నీలంగైండు. మూడు రోజులు రొమ్ముల గరగర. దవాఖానల నూనె ఊపిరితిత్తులకు పోయిందన్నరు, పిల్లగాడు దక్కలే. ఇంటికొచ్చి వీళ్లేమన్నరు తెలుసా? తల్లిపాలు విషమైనయన్నరు. నెల తిరగకుండ గా పిల్లను యాచారంల తల్లిగారింటికి పంపిచ్చిండ్రు. పంపిచ్చి, గొడ్డుదని చెప్పుకున్నరు."

నా బాబు నా ఒళ్లో గుప్పెట బిగించి నిద్రపోతున్నాడు. రేపు ఇరవై ఒక్క నాడు. అదే తొట్టెల, అదే పేరు, అదే గిన్నె. ఆ గిన్నెను సొట్ట పోకుండా తళతళలాడేలా నా చేతులతోనే తోమి పెట్టాను.

మధ్యాహ్నం వినీత్ భోజనానికి వచ్చినప్పుడు గిన్నె పళ్లెం పక్కన పెట్టాను. ఒక్క క్షణం ముద్ద నోటి దాకా పోలేదు. తర్వాత పోయింది.

"ఎవరు చెప్పిండ్రు?"

"నువ్వెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు చేసుకుంటుంటివా?" అన్నాడు. నిజమే కదా అన్నట్టు నా వైపు చూశాడు కూడా. "వాడే మల్లొచ్చిండని అమ్మ అనుకుంటది. అనుకోనీయ్. ఆమె గా దుఃఖంల ఆరేండ్ల సంది ఉన్నది. పేరుల ఏమున్నది సునందా?"

"నీ కొడుకు పేరు నా కొడుకుకు పెడుతున్నవ్. ఆముదం గూడ పోస్తదా మీ అమ్మ?"

"అందరం ఆముదం తాగే పెరిగినం. రేపు మందిల లొల్లి పెట్టకు," అని చెయ్యి కడుక్కున్నాడు. ఆ పళ్లెం కూడా నేనే తీశాను. తీస్తూ అనుకున్నాను, చచ్చిన కొడుకు కోసం ఈయన ఏడ్చాడో లేదో నాకు తెలియదు, కానీ వాడి తల్లిని మాత్రం 'స్టైల్' చేసి పారేశాడు. రేపు నా బాబుకు ఏదన్నా అయితే విషమయ్యేవి నా పాలే. మూడో ఆమె వస్తుంది, ఈ గిన్నే తోముతుంది, నేను మునుపటామెనవుతాను.

సాయంత్రం అత్తమ్మ గిన్నె చేతిలోకి తీసుకుని కొంగుతో తుడిచింది. "ఈసారి నిమ్మళంగ పోస్త," అంది. నాతో కాదు, తొట్టెలతో. ఆమె గొంతులో కపటమనేది ఏమీ లేదు. అంత ప్రేమగా అంది. నాకు భయమేసింది అందుకే.

మరునాడు పొద్దున్నే ఇల్లంతా ఆడవాళ్లు. మగవాళ్లు బయట షామియానా కింద కూర్చున్నారు, వినీత్ వంటవాళ్ల దగ్గర ఉన్నాడు. నేను పొయ్యి దగ్గరికి పోయి చూస్తే ఉగ్గుగిన్నెలో ఆముదం అప్పటికే గోరువెచ్చగా ఉంది. నూనె తూములో వంచి, గిన్నె కడిగి, బాబు బట్టల సంచిలో వేశాను. సంచి కుల్సుమ్‌కు ఇచ్చి పెరటి గేటు దగ్గర నిలబడమన్నాను. ఆమె సంచి చంకన పెట్టుకుని పోయింది.

మావైపు బిడ్డను వట్టి తొట్టెలలో వేయరు. ముందు నూరే రాయికి పసుపు రాసి, పసిపిల్లల టోపీ, కుల్లా, తొడిగి, గుడ్డలో చుట్టి, ఇటు ఆడవాళ్లు అటు ఆడవాళ్లు నిలబడి తొట్టెల కింది నుంచి పైకి తిప్పి పడుకోబెడతారు. ఆ రాయి బిడ్డకు అన్న. ముందు అన్నను ఊపాలి, అన్న చెవిలో పేరు చెప్పాలి, వచ్చే గండం ఏదన్నా ఉంటే అన్న తీసుకుంటాడు. ఆ తర్వాతే తమ్ముడు. చిన్నప్పటి నుంచి నవ్వుతూ చూసిన తంతే ఇది. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. మా ఆడబిడ్డ వంగి రాయి చెవి దగ్గర మూడుసార్లు "శ్రావిన్, శ్రావిన్, శ్రావిన్" అంది. అత్తమ్మ గొలుసు పట్టుకుని ఊపింది. తొట్టెల కిర్రుమంది. నా భుజం మీద బాబు ఏడవడం మొదలుపెట్టాడు.

"ఇగ తమ్ముణ్ణి తే," అంది ఆడబిడ్డ చేతులు చాపి.

"వద్దు," అన్నాను. "తొట్టెల నిండింది."

ఎవరికీ అర్థం కాలేదు. "ఏందే గా మాట?" అంది ఆడబిడ్డ. నేను అత్తమ్మ వైపు చూశాను. అరుస్తుందనుకున్నాను. ఆమె నన్ను చూడనేలేదు, ఊపడం ఆపలేదు. గుడ్డ పక్కకు తీసి, పసుపు రాసిన రాయిని చూస్తూ, "ఎడమ పక్కకే పండిండు చూడుండ్రి. మల్ల గట్లనే," అంది. అని చెయ్యి వెనక్కి చాపి గిన్నె అడిగింది. ఆ చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు. అది అట్లాగే చాపి ఉంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. నేను వాళ్ల మధ్య నుంచి, పెరటి దారిన, గేటు దాకా నడిచాను. కుట్లు నొప్పి పెడుతున్నాయి, అయినా నడిచాను. వెనక నుంచి గొలుసు చప్పుడు, జోల, మధ్యమధ్యలో ఆ పేరు. ఇన్నాళ్లూ ఆ పేరు వింటే ఏడుపు ఆపినవాడు ఆ రోజు ఆపలేదు. గేటు దాటాక నా పాలు వెతుక్కుని వాడంతట వాడే ఊరుకున్నాడు.

కుల్సుమ్ సంచి అందించి, యాచారంలో శ్రావ్య ఇల్లెక్కడో చెప్పి, యాచారం ఆటో ఎక్కించింది. ఆటో కదిలే ముందు ఫోను మోగింది. వినీత్. మోగనిచ్చాను. ముందు యాచారం, తర్వాత మహేశ్వరంలో మా బాపు దగ్గరికి. నా ఉద్యోగానికి బస్సు అక్కడి నుంచీ ఉంది.

పక్క సీటులో ముసలామె బాబు పాదం పట్టుకుని చూసి, "మస్తున్నడు. పేరేంది బిడ్డా?" అంది.

"వీని అన్న పేరు శ్రావిన్," అన్నాను. "వీనికింక పెట్టలే. వీని పెద్దమ్మ తానికి పోతున్నం, ఆమెను అడిగి పెడత."