ఓర్లీన్ పాడిన మూడో చరణం

ఓర్లీన్ టాకెట్ ఉతికిన బట్టలు మడతపెడుతుండగా ఇంటి ఫోన్ మోగింది. చేసింది ట్రీనా. ఓర్లీన్ మాజీ భర్త హోబర్ట్‌కు ఆమె రెండో భార్య. ఇద్దరూ అంతకుముందు ఎన్నడూ మాట్లాడుకోలేదు.

"హోబర్ట్ పోయాడండీ. నిన్న పొద్దున, ట్రాక్టర్ మీదే," అంది ట్రీనా. "శనివారం సమాధి చేస్తున్నాం. మీరొచ్చి ఆ పాట పాడాలి. ఆయన ఎప్పుడూ అదే కోరేవాడు."

ఏ పాట అని అడగనక్కర్లేదు. కెంటకీ కొండల్లోంచి ఓర్లీన్‌ని పాటగాళ్ల ఊరు నాష్‌విల్ తీసుకెళ్లింది తను రాసి పాడిన ఆ ఒక్క పాటే. మొగుణ్ణి వదిలేసి వచ్చిన ఆడదాని పాట. మూడో చరణంలో ఆ మొగుడు భోజనం పళ్లాన్ని గోడకేసి కొడతాడు. ముప్పై ఏళ్లుగా ఆ చరణం రాగానే హాల్లో ఆడవాళ్లంతా లేచి నిలబడి గొంతు కలుపుతారు.

"వస్తాను," అంది ఓర్లీన్. ఏడుపొస్తుందేమోనని కాసేపు మంచం మీద కూర్చుంది. రాలేదు. మిగిలిన తువ్వాళ్లు మడతపెట్టేసింది.

శనివారం చర్చి మెట్ల మీద హోబర్ట్ తమ్ముడు డ్యూయీ ఎదురయ్యాడు.

"వచ్చావా వదినా! మా అన్నని ఊరూరా తిట్టి ఇల్లు కట్టుకున్నావు. శవపెట్టెలో ఉన్నా వదలవన్నమాట!" నవ్వుతూనే అన్నాడు. కళ్లు మాత్రం వాచి ఉన్నాయి.

"తప్పుకో డ్యూయీ, గిటార్ తగుల్తుంది."

ట్రీనా ఆమెను పిల్లల బైబిలు తరగతి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. చిన్న చిన్న కుర్చీల మీద ఇద్దరూ మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. పదకొండేళ్లు కాపురం చేశాను. ఆ మనిషి కోపంతో ఒక్క గ్లాసు విసరగా చూళ్లేదు. నిజంగా ఆ పళ్లెం ఆయనే కొట్టాడా?"

ఓర్లీన్ గిటార్ పెట్టె పట్టీ సర్దుకుంది.

"లేదు. కొట్టింది నేను. ఆయన వంగి చీపురుతో ఊడ్చాడు. పాటలో అలా బాగోదని మార్చాను."

"మరి ఆయన ఎవరికీ చెప్పలేదే!"

"చెప్పలేదు."

"రేడియోలో వస్తే, 'అదుగో, నేనే' అని మురిసిపోయేవాడు," అంది ట్రీనా. "ఇవాళ నిజం పాడతారా?"

"నువ్వెలా అంటే అలా."

"వద్దులెండి. ఆయనకి నచ్చినట్టే కానివ్వండి."

ఓర్లీన్ శవపెట్టె పక్కన నిలబడి పాడింది. శ్రుతి ఎక్కడా తప్పలేదు. మూడో చరణం దగ్గర ఎవరూ లేవలేదు. ముందు వరుసలో ట్రీనా ఒక్కతే పెదవులు కదిలించింది. గొంతులో ఏదైనా అడ్డుపడుతుందని ఓర్లీన్ ఎదురుచూసింది. అలాంటిదేమీ జరగలేదు. పాట అయిపోయింది.

తరువాత చర్చి హాల్లో పంది తొడ మాంసం, చిక్కుడు గింజల కూర పెట్టారు. ఇద్దరు ముసలమ్మలు ఆమెతో ఫొటో తీయించుకున్నారు. అడిగినంతసేపూ నవ్వుతూ నిలబడింది. వెళ్లేముందు ఓర్లీన్ తన సెల్ నంబరు రాసిన కాగితం ట్రీనా చేతిలో పెట్టింది.

సోమవారం పది గంటలకు నాష్‌విల్‌లో ఇద్దరు కుర్ర పాటల రచయితలతో కూర్చుని వేసవి సెలవుల మీద ఒక పాట రాసింది. చాలా హుషారుగా వచ్చిందని వాళ్లన్నారు. అవునంది.