కావలసింది, వచ్చింది

ఐరాల తాయమ్మ ఒంట్లో రెండు గ్రూపుల రక్తం ఉందని, ఇంకో మూడు గంటల్లో ఆమెకు ఆపరేషనని నాకు తెలిసేసరికి పెనం మీద పదమూడో దోసె మాడుతోంది.

ఫోన్ చేసింది కృపారాణి. మా కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడుతున్న ఆసుపత్రిలో రికార్డుల గది ఆమెది.

"అక్కా, ఒక చోట ఓ పాజిటివ్ అని ఉండాది, ఇంకో చోట బి నెగటివ్ అని ఉండాది. మీ రిపోర్టులో మాత్రం ఆమె పేరు పక్కన పచ్చ టిక్కు. ఈడ బి నెగటివ్ కోసం ఆమె కొడుకుల్ని ఊరంతా తిప్పుతా ఉండారు. నేను దేన్ని నమ్మాల?"

"దేన్నీ నమ్మొద్దు. డాక్టరుకు ఇప్పుడే చెప్పి రక్తం మళ్ళీ పరీక్ష చేయించు" అన్నాను. స్టవ్ ఆపాను. ముందు గదిలోంచి మా అత్త చంద్రకాంతమ్మ, ఇంకో రెండు దోసెలు కావాలంది. హోసూరు నుంచి ఆవిడ తమ్ముడు చిన్నబ్బ కుటుంబం దిగి నాలుగు రోజులైంది, ఆరుగురు. ఆరోజు తొమ్మిదిన్నరకు కొండకు బయలుదేరాలి. తిరుపతిలో కాపురముంటే ఇల్లు సగం సత్రం. ఆ సత్రానికి జీతం లేని మేనేజరు కోడలు.

స్టవ్ మళ్ళీ వెలిగించి రెండు దోసెలు పోసి, చేయి తుడుచుకుని లాప్‌టాప్ తెరిచాను.

నేను చేసే పని గురించి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చెబితే అర్థమయ్యేదే. ఆసుపత్రుల పాత రికార్డులు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కే ముందు వాటిలో తప్పులున్నాయేమో చూసే లైబ్రరీ ఒకటి రాశాను. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, వేరే ప్రోగ్రాములు అరువు తెచ్చుకునే పనిముట్ల పెట్టె. తప్పు పట్టుకోవడం అందులో చిన్న పని. పట్టుకున్నదాన్ని ఎలా చెప్పాలన్నదే పెద్ద పని. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్త రోజుకొక తప్పు చెప్పేది. సోమవారం పులుసులో ఉప్పు. అది సరిచేస్తే మంగళవారం చింతపండు. అదీ సరిచేస్తే ముక్కలు పెద్దవి. అన్నీ ఒకేసారి చెప్పత్తా అంటే, ఎదురు మాట్లాడుతోందని ఊరంతా చెప్పింది. మా ఆయన మునిశేఖర్‌ది ఇంకో పద్ధతి. తిని, చేయి కడుక్కుని, "బాగలేదు" అంటాడు. ఏది బాగలేదో, ఎలా ఉంటే బాగుండేదో చెప్పడు. అందుకే నా లైబ్రరీ మొదటి తప్పు దగ్గర ఆగదు. మొత్తం చూసి అన్నీ ఒకేసారి చెబుతుంది. ప్రతి తప్పుకూ మూడు గళ్ళు: ఏ స్థలంలో, కావలసింది ఏమిటి, వచ్చింది ఏమిటి. ఎవరినీ నిందించదు. ఎవరూ నాతో అలా మాట్లాడలేదు కాబట్టి, అలా మాట్లాడేదాన్ని నేనే తయారుచేసుకున్నాను.

ఇప్పుడు అది అబద్ధం చెప్పింది.

పది నిమిషాల్లో దొరికింది. కోడ్‌లో ఒకే ఒక్క వరుస. 'తప్పు' అని రావాల్సిన ప్రతిదాన్నీ 'గమనిక'గా మార్చే వరుస. తప్పులుంటే పేజీ ఎర్రగా వస్తుంది, రికార్డు ఆగిపోతుంది. గమనికలు చివరి పేజీలో సన్నటి అక్షరాల్లో పడతాయి, ఎవరూ చదవరు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వరుసగా రాసి ఉండే చిట్టా తెరిచాను. శనివారం ఉదయం పది నలభై. మార్చినవారు: ప్రశాంతి.

నా పేరు.

నేను చేయలేదని నాకు వెంటనే తోచలేదు. చేసే ఉంటాననిపించింది. నాలుగు రోజులుగా మూడున్నరకు లేచి వేణ్ణీళ్ళు కాస్తున్నాను. నిన్న పప్పులో రెండుసార్లు ఉప్పేశాను. ఎక్కడో మధ్యలో చేయి జారి ఉంటుంది.

మునిశేఖర్‌ది కూడా మా కంపెనీయే. ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ అప్పగించే బాధ్యత అతనిది. గడ్డం గీసుకుంటుంటే వెళ్ళి చెప్పాను. అద్దంలోంచే నన్ను చూశాడు.

"నువ్వే చేసుంటావులే. ఈ మధ్య మరుపెక్కువైంది నీకు. పోయిన వారం గ్యాస్ ఆపకుండా పోయి పడుకోలా? సునీల్ సార్ అడిగితే పొరపాటైందని చెప్పెయ్. నేను సర్దిచెప్తాలే."

మేనేజరు సునీల్‌కుమార్ ఎనిమిదిన్నరకే అడిగాడు. పదకొండుకు కాల్, ఆసుపత్రివాళ్ళూ ఉంటారు, ఈలోగా రాతపూర్వకంగా వివరణ తయారుచేయమన్నాడు. తప్పు నాదని తేలితే లైబ్రరీ ఇంకొకరికి ఇస్తామని కూడా అన్నాడు, మర్యాదగానే. మూడేళ్ళ పని. ఈ ఇంట్లో నాదని చెప్పుకోగలిగింది అదొక్కటే.

చుట్టాలు ఆటోలెక్కారు. ఎంగిలి పళ్ళేలు సింకులో వేసి, వంటగది గట్టు మీద లాప్‌టాప్ పెట్టి రాయడం మొదలుపెట్టాను. "నా పొరపాటు వల్ల" అని వేళ్ళు వాటంతటవే టైప్ చేసేశాయి. ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. పాలు విరిగితే నా పొరపాటు వల్ల. మా పాపకు జలుబు చేస్తే నా పొరపాటు వల్ల. ఆయన తాళాలు పోగొట్టుకుంటే, బల్ల మీద పెట్టి గుర్తుచేయని నా పొరపాటు వల్ల. ఆ మూడు మాటలూ ఇంట్లో చీపురులాంటివి. ఎక్కడ చెత్త పడ్డా ముందు చేతికి వచ్చేవి అవే.

తేదీ, సమయం రాయాల్సి వచ్చింది. శనివారం, పది నలభై. అక్కడ వేళ్ళు ఆగాయి.

ఇంకోటి కూడా కనిపించింది. ఏ మార్పు చేసినా దాన్ని పరీక్షించే రెండు వరుసలు పక్కనే రాయడం నా అలవాటు. ఒంట్లో బాగలేకపోయినా రాస్తాను. దీని పక్కన ఏమీ లేదు.

అత్త వాకిలి దగ్గర కూర్చుని మునగాకు దూస్తోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అత్తా, శనివారం పదిన్నరప్పుడు నేనేం చేస్తున్నాను?"

"అదీ మరిచిపోయినావా? బస్టాండుకు పోలా, మా చిన్నబ్బోళ్ళను తోడుకొని రాను. పదింటికి దిగినోళ్ళను ముక్కాలు గంట ఎండలో నిలబెట్టేస్తివి."

నిజమే. ఆ మాట మూడు రోజులుగా పూటకోసారి పడుతూనే ఉన్నాను. ఆటో దొరక్క పదీ నలభై ఐదుకు చేరాను. పది నలభైకి నేను రామానుజ సర్కిల్ దగ్గర ఆటోలో ఉన్నాను. పడ్డ మాటే నాకు సాక్ష్యమవుతుందని అనుకోలేదు.

"నా లాప్‌టాప్ ఎక్కడుండిందత్తా?"

"ముందర రూములోనే. శేఖర దాని ముందరే కూచోనుండె. కాఫీ కూడా ఆడికే ఇస్తిని. ఏం, చెడిపోయిందా? వాడు ముట్టుకుంటే చెడిపోదులే. నువ్వే ఏమన్నా చేసుంటావు."

మునగాకు పుల్ల ఒకటి చేతిలోకి తీసుకుని కాసేపు దూశాను. కోపం రావాలి, రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. నా పాస్‌వర్డ్ అతనికి తెలుసు. మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేందని పెళ్ళయిన కొత్తలోనే అడిగి తీసుకున్నాడు. అతనిది నాకు తెలియదు.

లోపలికి వెళ్ళి ముందు ఆ వరుస తీసేశాను. రికార్డులన్నీ మళ్ళీ సరిచూశాను. రెండు వందల పన్నెండు తప్పులు, ఎర్రగా. తర్వాత పాస్‌వర్డ్ మార్చాను. తర్వాత వివరణలో ఆ మూడు మాటలూ కొట్టేశాను.

పదకొండుకు కాల్. మునిశేఖర్ పడకగదిలో తలుపు వేసుకుని కూర్చున్నాడు, నేను వంటగదిలో. అతని దగ్గు ముందు గోడలోంచి, తర్వాత లాప్‌టాప్‌లోంచి వినిపించింది.

కృపారాణి చెప్పింది. ఐరాలలో ఎం. తాయమ్మలు ఇద్దరు, ఇద్దరికీ అరవై రెండేళ్ళే. పాత రికార్డుల్లో ఇద్దరూ ఒకే మనిషిగా కలిసిపోయారు. ఆపరేషన్ బల్ల దాకా వచ్చిన తాయమ్మది ఓ పాజిటివ్. ఫైలును నమ్ముకున్నవాళ్ళు ఆమెకు ఎక్కించాలని వెతికింది రెండో తాయమ్మ గ్రూపు రక్తం. ఇప్పుడు ఆపరేషన్ మధ్యాహ్నానికి మార్చారు.

సునీల్‌కుమార్ గొంతు సవరించుకుని, నా వివరణ చదవమన్నాడు. చదివాను.

"స్థలం: లైబ్రరీలో ఫలితాలు చెప్పే భాగం. శనివారం ఉదయం పది నలభై. మా ఇంటి ముందు గది. కావలసింది: ఆ నిమిషంలో ఆ లాప్‌టాప్ ముందు ప్రశాంతి. ఆమె ఆ సమయానికి బస్టాండుకు ఆటోలో పోతోంది. వచ్చింది: ఖాళీ."

"ఖాళీ అంటే?" అన్నాడు సునీల్‌కుమార్.

"ఆ గడి నేను నింపను సార్. నింపాల్సిన మనిషి ఈ కాల్‌లోనే ఉన్నారు."

అలవాటు కొద్దీ ఏదో ఒకటి అనబోయాను, సర్దబోయాను. గట్టు అంచు పట్టుకుని ఊరుకున్నాను. సింకులో కుళాయి చుక్కలు పడుతున్నాయి. పడకగదిలో కుర్చీ కిర్రుమంది. అతని గొంతు గోడలోంచి ఒకసారి, లాప్‌టాప్‌లోంచి ఒకసారి వచ్చింది. ప్రతి మాటా రెండుసార్లు విన్నాను.

"నేనే సార్. శనివారం మధ్యాన్నానికి పచ్చ రిపోర్టు ఇస్తానని ఆసుపత్రివాళ్ళకు మాటిచ్చేసినాను. చూస్తే రెండు వందల పన్నెండు తప్పులు వచ్చినాయి. ముందు అప్పగించేస్తే తర్వాత సరిచేసుకోవచ్చు అనుకున్నా. తాయమ్మ సంగతి తెలీదు సార్, ఒట్టు. నా దాంట్లో చేస్తే నా పేరు పడతాది. తన లాప్‌టాప్ ఎదురుగా తెరిచే ఉండింది. ప్రశాంతి పేరు ఉంటే ఎవరూ పెద్దగా అడగరనుకున్నా. అడిగినా తనే ఒప్పుకుంటాది అనుకున్నా. ఇంట్లో ఎవరేం చేసినా, పదకొండేళ్ళుగా తనే కదా సార్ ఒప్పుకుంటా ఉండేది."