పళ్ళెంలో మిగిలిన ముక్క

వరద నీళ్ళు కింది అంతస్తులో కరెంటు మీటర్ల దాకా ఎక్కి ఆగిన ఏడాది, బరువు తగ్గడానికని ఆమెకు ఆపరేషన్ చేసి కడుపు సంచిని చిన్నది చేశారు. గిన్నెడు పట్టే చోట ఇప్పుడు పిడికెడు పట్టడం గగనం. మొదట నీళ్ళు తాగించారు, తర్వాత పాలు, ఆ తర్వాత మెదిపిన గుజ్జు. ఇక గట్టి తిండి మొదలుపెట్టమని ఆసుపత్రిలో డైటీషియన్ చెప్పింది. ముందు ఉడికించిన గుడ్డు. మాంసం చిట్టచివర, అదీ తాను చూసి సరేనన్నాకే. ముక్క శనగగింజంత ఉండాలి, నోట్లో నీరయ్యేదాకా నమలాలి. తొందరపడితే గొంతు దిగాక అడ్డం పడుతుంది, కుట్లకూ మంచిది కాదు.

ఆ సాయంత్రం అందరూ తిని లేచాక ఆమె పళ్ళేలు కడగబోయింది. భర్త పళ్ళెంలో సగం కొరికిన మాంసం ముక్క ఉంది. ఆయన ఎప్పుడూ అంతే, ఏదో ఒకటి వదిలేస్తాడు. పళ్ళెం ఊడ్చుకు తినడం ఆయనకు నామోషీ. పిల్లలకూ అదే వచ్చింది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మిగిలినవి బకెట్లో వేయబోతే అత్తగారు చెయ్యి పట్టుకుంది. "పారెయ్యకమ్మా, నోట్లో వేసుకో. ఇంటి కోడలివి, నీకేం ఎంగిలి?" అంది. ప్రేమగానే అంది. అప్పటి నుంచీ సింకు దగ్గర నిలబడి ఒక్కో పళ్ళెం నీళ్ళ కింద పెట్టే ముందు అందులోది నోట్లో వేసుకోవడం ఆమె పనుల్లో ఒక పనైపోయింది. పిల్లలు పీకి పడేసిన రొట్టె అంచులు, మామగారు బతికున్నప్పుడు ఆయన కలిపి వదిలేసిన అన్నం, అడుగంటిన కూర, అన్నీ అక్కడే ఆమె నోట్లోకి పోయేవి. కూర్చుని తినేది మాత్రం రెండు ముద్దలు. చుట్టాలు ఆ రెండు ముద్దలే చూసి, "గాలి పీల్చినా ఒళ్ళొచ్చే జాతి" అనేవారు. ఆయన నవ్వి "మా ఇంటి గోడౌన్" అని నలుగురిలో పరిచయం చేసేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఇంకా సిగ్గు. తను పనిచేసే బట్టల కుట్టు కంపెనీలో తన కింద కుర్చీ విరిగిన రోజు కూడా నవ్వింది. ఆపరేషన్‌కు సంతకం పెట్టింది ఆ కుర్చీ వల్లే.

ఆలోచనలో ఉండగా చెయ్యి దాని పని అది చేసింది. ముక్క నోట్లో పడింది. సంగతి తెలిసేసరికి మింగేసింది.

రొమ్ము ఎముక వెనక పిడికిలి బిగించినట్టయింది. నోటి నిండా చొంగ ఊరింది. సింకు మీదకు వంగి కక్కబోతే రాదు, ఊపిరి ఆడదు. కుట్లు తెగిపోతాయేమోనని పొట్ట రెండు చేతులా అదుముకుంది. పిల్లలు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "లోపలికి పొండి" అందామంటే మాట రాలేదు. చివరికి నురగతో పాటు ముక్క బయటపడింది.

"ఏం మింగావే?" అన్నాడు ఆయన వెనక నుంచి. "వాళ్ళు చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?"

"పోనీలేరా, నోరు లాగి ఉంటుంది" అంది అత్తగారు.

మర్నాడు ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డైటీషియన్ ఆమె కూతురి కంటే కాస్త పెద్దది. "ఏం తిన్నారమ్మా?" అని అడిగింది.

ఆయనే అందుకున్నాడు. "మాంసం, మేడమ్. నోరు కట్టుకుంటే ఈ కోత దాకా ఎందుకొస్తుంది?"

ఆమె తన చెప్పుల వంక చూసింది.

"బాగా ఆకలేసిందా అమ్మా?"

"ఆకలి లేదండీ."

"మరి తినాలనిపించిందా?"

అవునంటే సరిపోయేది. తిండిపోతు అనిపించుకోవడం ఆమెకు పాతదే, ఆ సిగ్గు వాడి వాడి మెత్తబడింది. అసలు సంగతి చెప్పడమే చావు. చదువుకున్న పిల్ల ముందు, ఇన్నేళ్ళూ నలుగురి ఎంగిలీ నా కడుపులోనే పోశానని ఏ నోటితో చెప్పడం? కానీ చెప్పకపోతే మళ్ళీ ఈ సాయంత్రం సింకు దగ్గర అదే చెయ్యి, అవే పళ్ళేలు. ఈసారి ముక్క బయటికి రాకపోతే?

"అది ఈయన పళ్ళెంలోదండీ" అంది, తల ఎత్తకుండా. "సగం కొరికి వదిలేశారు. అందరివీ నేనే తింటాను. పళ్ళేలు కడిగేటప్పుడు, నిలబడి. పెళ్ళయినప్పటి నుంచీ."

రాస్తున్న కలం ఆగింది. డైటీషియన్ ఆయన వైపు తిరిగింది. "మీరెందుకు వదిలేస్తారండీ?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అలవాటు" అన్నాడు.

బస్సులో పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "పరాయి మనిషి ముందు నా పరువు తీశావు."

"అడిగింది కదండీ."

"గొంతుకు అడ్డం పడిందని చెబితే సరిపోయేది."

ఆమెకు ఒళ్ళంతా ఇంకా సిగ్గుగానే ఉంది. మనిషి ముందు బట్ట జారినట్టే ఉంది. అయితే ఇప్పుడు పక్కనున్న మనిషి కూడా కొంగు వెతుక్కుంటున్నట్టు కనిపించాడు.

ఆ సాయంత్రం పళ్ళేల్లో మిగిలిందంతా బకెట్లోకి గీకేసింది. అత్తగారు పక్కకొచ్చి నిలబడింది.

"అంతా పారేస్తున్నావా అమ్మా?"

"అవునత్తయ్యా."

"మనసెలా ఒప్పుతోందే?"

"మనసు సంగతి తర్వాతత్తయ్యా. కడుపులో చోటు లేదు."

అత్తగారు బకెట్లోకి వంగి చూసింది. "ఇంత మిగులుతుందా రోజూ?" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున ఆయన ఆఫీసుకు తయారై రొట్టె తింటున్నాడు. ఆమె చిన్న గిన్నెలో గుడ్డు తెచ్చుకుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. ఇంట్లో అందరూ తినేదాకా ఆగలేదు. చెంచా కొసతో రవ్వంత తుంచి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. ఆయన ఎప్పటిలాగే కొరికిన రొట్టె ముక్క ఒకటి వదిలి పళ్ళెం ముందుకు తోశాడు. తోసినవాడు ఆగాడు. ఆమె వంక చూశాడు. ఆమె నములుతోంది, ఇంకా మింగలేదు. ముక్క చేతిలోకి తీసుకున్నాడు. తినలేదు, కింద పెట్టనూ లేదు. చివరికి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.