కోతల కాలంలో చుట్టాలు

బ్యారేజీ గేట్లకు పడవలు కొట్టుకొచ్చి గుద్దుకున్న వరద ఏడాది అది. ఆ వరదకు కృష్ణ ఒడ్డువాళ్ళు మునిగారు. పర్చూరు పక్క నల్లరేగళ్ళలో మునగడాలు లేవు గానీ, వాన వదలకుండా పట్టి మిరప తోటలు సగం ఉరకెత్తి, వేళ్ళు కుళ్ళి చచ్చాయి. మిగిలిన సగం ఆలస్యంగా కాపుకొచ్చింది. అందుకని శివరాత్రి దాటినా కోతలు ముమ్మరంగానే ఉన్నాయి. ఊళ్ళో ఎవరికీ ఒళ్ళు తెలియని ఆ రోజుల్లో, పొన్నూరు నుంచి ఆదెయ్య అక్కా బావా వచ్చారు.

వస్తున్నామని చెప్పలేదు. మధ్యాహ్నం బస్సు దిగి అరటిపళ్ళ సంచితో నేరుగా పెరట్లోకి వచ్చి నిలబడ్డారు. ఆదెయ్య అప్పుడు అంట్లు తోముతున్నాడు.

"ఏరా, నువ్వు తోముతున్నావేంటి?" అంది అక్క వెంకటేశ్వరమ్మ. అదే మొదటి మాట. బాగున్నావా అనేది ఆ తర్వాత కూడా రాలేదు.

"రా అక్కా. రా బావా," అని ఆదెయ్య చేతులు కడుక్కున్నాడు.

లోపల కూర్చోబెట్టడానికి చోటు లేదు. మళ్ళీ మబ్బు పడుతోందని కల్లంలో ఆరబోసిన తమ తోట కాయంతా బస్తాలకెత్తి ముందుగదిలో పేర్చాడు. గుమ్మం దాటగానే బావ యలమందకు తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్మి తుమ్మి కళ్ళు తుడుచుకుని, "బావమరిదీ, ఇది ఇల్లా, గుంటూరు మిర్చి యార్డా? లోపలికి రావడానికి చీటీ ఏమన్నా రాయించుకోవాలా?" అన్నాడు.

ఆదెయ్య అరుగు మీద మంచం వాల్చాడు. యలమంద కూర్చున్నాడు. వెంకటేశ్వరమ్మ కూర్చోలేదు. వంటింట్లోకి వెళ్ళి ఒక్కో గిన్నె మీద మూత తీసి చూసింది. పోపులడబ్బా కిటికీలో ఉండటం ఒక తప్పు. పప్పు చిక్కగా ఉండటం ఒక తప్పు. దేవుడి పటం వెనక బూజు సరేసరి.

"ఇంట్లో ఆడది ఉన్నట్టా లేనట్టా?"

"కోతకెళ్ళింది."

"ఎప్పుడొస్తుంది?"

"సందేళకి."

"అందాకా వంటా వార్పూ నువ్వా?"

ఆదెయ్య తలూపాడు. ఈ మాటలు ఆయనకు కొత్త కాదు. ఈ ఇంటికి ఎవరొచ్చినా ఇవే అడిగారు. అందరికీ ఒకటే జవాబు చెప్పి చెప్పి, చివరికి తల ఊపడం ఒక్కటే మిగిలింది.

ఆదెయ్య భార్య పోయి చాలాకాలమైంది. ఒక్కడే కొడుకు, లక్ష్మీకాంత్. దాచేపల్లిలో సిమెంటు లారీ తోలతాడు. అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టి, రెండేళ్ళుగా ఇటు తొంగిచూడలేదు. పెళ్ళాం నాగజ్యోతిని తీసుకుపోదామని ఆమె పుట్టింటివాళ్ళు వచ్చారు. ఆవేళ ఆదెయ్య ఉండమనలేదు, పొమ్మనలేదు. పాలచెంబు పట్టుకుని, "రేప్పొద్దున్నుంచి పాలు ఎప్పట్లాగే పోయించుకోనా, తగ్గించనా?" అని అడిగాడు. "ఎప్పట్లాగే మావయ్యా," అంది నాగజ్యోతి. అంతటితో తేలిపోయింది. అప్పటినుంచి ఆమె ముఠాతో కూలికి వెళుతోంది, ఆయన ఇల్లు చూసుకుంటున్నాడు. ఆయన్ని కంటి ఆపరేషన్‌కి గుంటూరు బ్రాడీపేట తీసుకెళ్ళిందీ, పక్కన కూర్చుని చుక్కలు వేసిందీ ఆ పిల్లే.

పొద్దుగూకుతుండగా ముఠా ఆటో వచ్చి ఆగింది. నాగజ్యోతి దిగింది. రెండు చేతులూ ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని నడిచొస్తోంది. కోతల కాలంలో ఆ ఊరి ఆడవాళ్ళందరి నడకా అంతే. పొద్దస్తమానం కాయ కోసిన చేతికి మంట లోపలికి దిగుతుంది. సబ్బుతో తోమినా పోదు. ఆ చేత్తో కళ్ళు నలుపుకోలేరు, వేడి అన్నం కలుపుకోలేరు.

"ఎప్పుడొచ్చారు పెద్దమ్మగారూ? పెదనాన్నగారూ, బాగున్నారా?" అని పలకరించి, ఆదెయ్య పెట్టి ఉంచిన మజ్జిగ గిన్నెలో చేతులు ముంచి కూర్చుంది.

"బాగానే ఉన్నామమ్మాయ్. మీ మావయ్య చారు తాగాక ఎలా ఉంటామో చూడాలి," అన్నాడు యలమంద.

చుట్టాలకు ముందు వడ్డించాడు ఆదెయ్య. వాళ్ళు తిని లేచాక, రోజూ చేసినట్టే నాగజ్యోతి కంచంలో అన్నం పెట్టి, పప్పు వేసి, తన చేత్తో కలపడం మొదలెట్టాడు. కలిపి ముద్దలు చేసి పక్కన చెంచా పెడితే, ఆమె చెంచాతో తింటుంది. కోతలు అయిపోయేదాకా ఆ ఇంట్లో అదే పద్ధతి.

వెంకటేశ్వరమ్మ చెంబులో నీళ్ళు తాగబోతున్నదల్లా ఆగిపోయింది.

"అదేం పనిరా? కోడలి కంచంలో మామ చెయ్యి పెట్టడమేంటి?"

"చేతులు మంటక్కా."

"మంటైతే? మా ఊళ్ళో పొద్దున్నుంచి నాట్లేసి నడుం పడిపోయినోళ్ళు కూడా ఇంటికొచ్చి మగాడికి వండిపెడుతున్నారు."

"వరి నాటితే చెయ్యి మండదు కదండీ," అంది నాగజ్యోతి, నెమ్మదిగానే.

"నోటికి మాత్రం మంటేం లేదే నీకు."

యలమంద దగ్గాడు. "ఉండవే, వచ్చిన పని చెప్పు," అన్నాడు.

వెంకటేశ్వరమ్మ వచ్చి తమ్ముడి ఎదురుగా కూర్చుంది. ఇప్పుడు గొంతు తగ్గించింది. "లక్ష్మీకాంత్ మొన్న మా ఇంటికొచ్చాడురా. ఆ దాచేపల్లి యవ్వారం చెడిపోయిందంట. ఇంటికొచ్చేస్తానంటున్నాడు. కాకపోతే ఇది ఉంటే రాడంట. ఎదురుపడలేనంటాడు. నువ్వు చూస్తే దీన్ని కూర్చోబెట్టి ముద్దలు చేసి పెడుతున్నావు. ఈడున్న పిల్లా, నువ్వూ, ఒక ఇల్లు. మాట పొన్నూరు దాకా వచ్చింది. పుట్టింటికి పంపించు. నీ కొడుకు నీకు దక్కుతాడు."

ఆదెయ్య చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

యలమంద ఈలోపే ఫోన్ కలిపి ఆదెయ్య చెవి దగ్గర పెట్టాడు. "నాన్నా," అని వినపడింది. రెండేళ్ళ తర్వాత ఆ గొంతు. "నాన్నా, నువ్వు దాన్ని పంపించెయ్. నేను ఆదివారం వచ్చేస్తా. ఇక తోట పని నేనే చూసుకుంటా."

తిట్టాలనుకున్నవి ఈ రెండేళ్ళలో చాలా పోగేసుకున్నాడు. ఒక్కటీ రాలేదు.

"తిన్నావా?" అన్నాడు.

"తిన్నా."

"ఊఁ," అని ఫోన్ బావకిచ్చేశాడు.

"ఏం చెప్పావ్రా?" అంది అక్క.

"ఏం చెప్పలా."

నాగజ్యోతి కంచం తన వైపు జరుపుకుంది. మిగతా అన్నం తానే కలుపుకోబోయింది. వేళ్ళు వేడి పప్పులో పడగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ పెట్టింది. కంచం ఖాళీ అయ్యేదాకా ఎవరివైపూ చూడలేదు. ఆదెయ్య పక్కనే పడున్న చెంచా వైపు చూస్తూ కూర్చున్నాడు.

చుట్టాలు అరుగు మీద పడుకోగానే, ఆమె లోపల బట్టలు మడతపెట్టి సంచిలో సర్దడం కనపడింది. ఆదెయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"రేపటి కోతకి మాటిచ్చేశాను మావయ్యా. అదయ్యాక సాయంత్రం బస్సుకి పోతాను. మీ అబ్బాయి వస్తానంటుంటే నేనెందుకు అడ్డం."

"పోవాలనుందా నీకు?"

"నాకేముంటుంది? అక్కడ వదినావాళ్ళకే రెండు గదులు. నా మంచం వసారాలో వేస్తారు." ఇంకో చీర సంచిలో పెట్టి, "ఇక్కడ బానే ఉండేది," అంది.

ఆదెయ్య గుమ్మం వదిలి వచ్చి తన మంచం మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా బరువుగా ఉంది. ఈ వచ్చేవాళ్ళూ, మూతలు తీసి చూసేవాళ్ళూ, ఎలా బతకాలో చెప్పి బస్సెక్కేవాళ్ళూ. వాళ్ళతో వాదించే ఓపిక ఆయనకు ఎప్పుడూ లేదు. ఊరుకుంటే వాళ్ళే అలిసిపోతారనుకున్నాడు ఇన్నాళ్ళూ. వాళ్ళు అలిసిపోలేదు, తనే అలిసిపోయాడు. కొడుకు రావాలని ఆయనకూ ఉంది. లేదని ఎవరితో అనగలడు? వాడి గొంతు ఇంకా చెవిలోనే ఉంది. బాగున్నావా అని ఆ గొంతు అడగలేదన్న సంగతి పడుకున్నాక గానీ గుర్తుకు రాలేదు.

తెల్లారి ముఠా ఆటో ఇంకా రాకముందే లేచాడు. పొయ్యి వెలిగించి అన్నం పడేశాడు. లోపలికి వెళ్ళి గోడవార ఉన్న సంచి తెచ్చి, వీధి వైపు ఉన్న బండ దగ్గర పెట్టాడు. తొట్టిలో నీళ్ళు నింపి సబ్బుపొడి వేశాడు. సంచి విప్పి ఒక్కో చీరా తీసి, మడత కూడా విప్పకుండా నీళ్ళలో ముంచాడు.

వెంకటేశ్వరమ్మ పళ్ళు తోముకుంటూ వచ్చి చూసింది. నోట్లో నురగ ఉమ్మేసింది. "ఒరేయ్, ఏంటది? నలుగురూ చూస్తుండగా వీధిలో కూర్చుని కోడలి చీరలుతుకుతావా?"

ఆదెయ్య మొదటి చీర బండ మీద వేసి గుంజాడు.

ఆటో వచ్చి ఆగింది. అందులోంచి తోటి కూలీ జుబేదా, "జ్యోతక్కా, రా, పొద్దెక్కుతోంది," అని పిలిచింది. నాగజ్యోతి అన్నం క్యారియర్‌తో బయటికొచ్చి తొట్టి చూసింది.

"మావయ్యా, అవి ఉతికినవే."

"తెలుసు."

జుబేదా మళ్ళీ పిలిచింది. నాగజ్యోతి వెళ్ళి ఆటో ఎక్కింది. మలుపు తిరిగేదాకా ఆ తొట్టి వైపే చూస్తూ ఉంది.

"మరి వాడికేం చెప్పమంటావురా?" అంది వెంకటేశ్వరమ్మ. ఈసారి గొంతులో కోపం కన్నా అయోమయం ఎక్కువగా ఉంది.

"ఆదివారం రమ్మను. ఆ పిల్ల ఉంటుంది, నేనూ ఉంటా. ఎదురుపడగలిగితే తిని ఇక్కడే ఉంటాడు."

అంతకన్నా పెద్ద మాట ఆమె తమ్ముడి నోట ఎప్పుడూ విని ఉండదు. యలమంద మంచం మీద నుంచే, "ఏమే, పొన్నూరు బస్సు ఎన్నింటికో కనుక్కో," అన్నాడు.

ఆదెయ్య చీర పిండి, వీధి పక్క తీగ మీద ఆ కొస నుంచి ఈ కొసకి పరిచాడు. వంగి తొట్టిలోంచి రెండోది తీశాడు.